రణరంగం నుండి రాజ్యపాలనకు: సర్ థామస్ మన్రో

చెన్నపురిలో సెయింట్ జార్జి కోట నుండి అణ్ణా సాలై వైపు వచ్చే దారిలో, తమిళులు తీవుత్తిడల్ అని పిలిచే ఐలాండ్ మైదానం చెంత, నడివీథిలో ఎత్తైన రాతి పీఠం మీద ఒక గుఱ్ఱపు రౌతు కాంస్యవిగ్రహం నిలిచియున్నది. ఆ గుఱ్ఱానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి వాటిని మరచిపోయాడనీ, తప్పు తెలిసికొని ప్రాణం తీసుకున్నాడనీ నగరంలో తరతరాలుగా ఒక కథ వ్యాప్తిలో ఉన్నది. ఆ కథ నిజం కాదు. ఈ విగ్రహాన్ని మలచిన సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ, లండనులో ట్రఫాల్గర్ కూడలిలో ఉన్న నాలుగవ జార్జి రాజు గుఱ్ఱానికి సైతం జీను, రికాబులు పెట్టలేదు. అది ఆయన బుద్ధిపూర్వకంగా ఎన్నుకొన్న పద్ధతి. మైదానంలో జరిగే వస్తుప్రదర్శనకు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే పెద్దలను ఆ రౌతు ఎవరని పిల్లలు అడిగితే, "ఎవరో దొర" అన్న సమాధానమే తరచుగా లభిస్తుంది.

ఆ దొర పేరు థామస్ మన్రో. సైన్యంలో మేజర్ జనరలు. 1820 నుండి 1827 వరకు మద్రాసు రాజధానికి గవర్నరు. అంతకు మునుపు ఏడు సంవత్సరాలు నేటి రాయలసీమకు కలెక్టరు. తెలుగు విద్యార్థికి ఆయన కథ తెలియవలసి ఉన్నది. అది సర్వమూ కీర్తనీయమైనందువలన కాదు. ఆ కథలో మన పల్లెల భూమి ఉన్నది, మన వీథిబడులు ఉన్నవి.

సేనానులు పాలకులు కావడం ప్రపంచ చరిత్రలో వింత విషయం కాదు. ఇరువదవ శతాబ్దంలో ఆఫ్రికా ఖండంలో కొత్తగా స్వాతంత్ర్యం పొందిన పెక్కు దేశాలలో సైనికాధికారులు మంత్రులుగా, దేశాధ్యక్షులుగా మారినారు. నైజీరియాలో జనరల్ ఒబసాంజో 1976లో సైనిక ప్రభుత్వాధిపతి అయ్యాడు. 1999లో తిరిగి ప్రజల ఓటుతో అధ్యక్షపదవికి వచ్చాడు. మన్రోకు సమకాలికుడు, మిత్రుడు అయిన ఆర్థర్ వెల్లెస్లీ మైసూరు, మహారాష్ట్ర యుద్ధాలలో ఆరితేరి, తర్వాత వెల్లింగ్టన్ డ్యూకై, 1828లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. వీరిని అధికారపీఠానికి చేర్చినవి ఆయుధబలమో, యుద్ధవిజయాల కీర్తియో. మన్రోకు పాలనాద్వారాన్ని తెరచినది మాత్రం దేశభాషల పరిజ్ఞానం.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి వర్తకుడు. వర్జీనియా పొగాకు వ్యాపారం ఆ కుటుంబానికి ఆధారం. అమెరికా స్వాతంత్ర్యయుద్ధం వలన ఆ వ్యాపారం దెబ్బతిని, ఇల్లు గడవడమే కష్టమైనది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన ఆ యువకుడు ఈస్టిండియా కంపెనీ పదాతిదళంలో క్యాడెటుగా చేరి 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. చిన్ననాటి జబ్బు వలన ఆయనకు కొంత చెవుడు కూడ ఉన్నది. అదే సంవత్సరం హైదరలీ సేనలు కర్ణాటక సీమపై విరుచుకుపడినవి. సెప్టెంబరు 10న కాంచీపుర సమీపాన పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ దళం నామరూపాలు లేకుండా పోయింది. కాంచీపురంలో విడిసియున్న మరొక సైన్యంలో మన్రో ఉన్నాడు. కొన్ని మైళ్ళ దూరంలో తోటివారు కూలిపోతూండగా ఆ సైన్యం సకాలంలో చేరుకోలేకపోయినది. పందొమ్మిదేళ్ళ యువకునికి యుద్ధం నేర్పిన తొలిపాఠం ఇది.

తరువాతి పండ్రెండేళ్ళు ఆయన మామూలు సైనికోద్యోగి. జీతం చాలదు. స్వదేశంలో ఉన్న చెల్లెలికి వ్రాసిన ఒక లేఖలో, నాలుగు కఱ్ఱల మీద పరచిన గోనెగుడ్డ తన పడకయనీ, పుస్తకమో తూటాల సంచియో తన తలగడయనీ హాస్యంగా చెప్పుకొన్నాడు. ఆ తలగడ పుస్తకాల పుణ్యమా అని ఆయన పారసీ, హిందుస్తానీ నేర్చుకొన్నాడు. 1792లో టిప్పు సుల్తాను ఓడి, సేలం ప్రాంతంలోని బారామహల్ కంపెనీ వశమైనప్పుడు, ఆ సీమను ఏలడానికి గవర్నరు జనరల్ కారన్‌వాలిస్ మద్రాసులోని సివిలు ఉద్యోగులను కాదని సైనికులను పంపినాడు. సివిలు ఉద్యోగులకు ప్రజల భాష రాదన్నది ఆయన ఫిర్యాదు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ నాయకుడు, మన్రో ఆయన సహాయకులలో ఒకడు. అక్కడ గడిపిన ఏడు సంవత్సరాలలో రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించే పద్ధతి రూపుదాల్చినది. దానికే రైత్వారీ అని పేరు. ఆ పద్ధతికి తొలి కర్త రీడ్. లోకం మాత్రం దానిని మన్రో పేరుతోనే గుర్తుంచుకొన్నది. శిష్యుడు ఎక్కువ కాలం పదవిలో నిలిస్తే గురువు పేరు మరుగునపడడం లోకరీతి.

1799లో శ్రీరంగపట్నం పతనమైన పిమ్మట మైసూరు రాజ్యవిభజనకు ఏర్పడిన సంఘానికి మన్రో, జాన్ మాల్కమ్ కార్యదర్శులు. సంఘసభ్యులలో ఆర్థర్ వెల్లెస్లీ ఒకడు. ఆ స్నేహం చివరివరకు నిలిచినది. 1803లో అస్సాయే యుద్ధం గెలిచిన వెల్లెస్లీ తన వ్యూహాన్ని సమర్థించుకొంటూ ఒక కలెక్టరుకు దీర్ఘలేఖ వ్రాశాడంటే, ఆ కలెక్టరు యుద్ధకళ ఎరిగినవాడని ఆయనకు తెలుసు. ఆ దండయాత్రకు కావలసిన ధాన్యాన్ని, ఎద్దులను తన సీమ నుండి సమకూర్చి పంపినవాడు కూడ మన్రోయే.

ఆ సీమ దత్తమండలాలు. 1800 అక్టోబరులో నైజాం నవాబు సైన్యపు ఖర్చుల నిమిత్తం కంపెనీకి ధారాదత్తం చేసిన ఆ ప్రాంతంలో నేటి కడప, అనంతపురం ప్రాంతాలు, కర్నూలు సీమలో కొంత, బళ్ళారి చేరియుండెను. విజయనగర సామ్రాజ్యం అంతరించిన తర్వాత రెండువందల యేండ్లకు పైగా స్థిరమైన పాలన ఎరుగని నేల అది. ఎనుబదిమంది దాకా పాలెగాళ్ళు కోటలు కట్టుకొని, బంట్లను పోషిస్తూ, తమ పల్లెలను తామే ఏలుకొంటున్నారు. మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. ఆయన క్రింద నలుగురు సహాయ కలెక్టర్లు. అనంతపురంలో నివాసం ఉన్నా, ఏడాదిలో అధికభాగం ఆయన కాపురం గుడారంలోనే.

ఆ వచ్చిన కలెక్టరు సైనికుడన్న మాట మరువరాదు. పాలెగాళ్ళను లొంగదీయడంలో ఆయన చూపినది సైనికుని పద్ధతియే. మొదట శిస్తు హెచ్చించడం, చెల్లించని వారిపై దళాలను నడపడం, కోటలను పడగొట్టించడం, మిగిలిన వారికి తవర్జీ అనే పింఛను ఇచ్చి కూర్చోబెట్టడం ఆ పద్ధతిలోని మెట్లు. 1801లో నేటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్లు గ్రామం ఎదురుతిరిగినది. గ్రామకోటపై తొలిసారి వెళ్ళిన దళం వెనుకకు మరలవలసివచ్చినది. తర్వాత పెద్ద సైన్యం వచ్చి కోటను పట్టుకొన్నది. ఆ పోరాటానికి నాయకుడైన ముత్తుకూరు గౌడప్పను ఉరితీసిన వృత్తాంతం ఆ ప్రాంతపు స్థానికచరిత్రలో నేటికీ నిలిచియున్నది. పాలెగాళ్ళ పట్ల మన్రో వ్యవహరించిన తీరును లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టినారు. ఆయన మాత్రం తన మార్గాన్ని సమర్థించుకొన్నాడు. కాని ఆ మార్గపు పర్యవసానం ఆయన కాలంతో ముగియలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు మూలకారణాలలో పాలెగాళ్ళ పింఛనుల రద్దు ఒకటి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసినారు. నరసింహారెడ్డిని వీరునిగా కీర్తించే తెలుగువారే మన్రోను పుణ్యపురుషునిగా తలచుకోవడం రాయలసీమలో తప్ప మరొకచోట సాధ్యం కాదేమో.

పాలెగాళ్ళు తొలగిన నేలను మన్రో కొలిపించాడు. 1802లో కొద్దిమంది గుమాస్తాలతో పైమాషీ ఆరంభమైనది. ముప్పదిమూడు అడుగుల గొలుసుతో పొలాలన్నిటిని కొలిచినారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. నలుబది గుంటలు ఒక ఎకరం. పల్లెలలో పెద్దలు నేటికీ గుంటల లెక్క చెప్పేటప్పుడు ఆ గొలుసు పొడవునే తలచుకొంటున్నారు. కొలత తర్వాత నేల తరగతి నిర్ణయం, తర్వాత శిస్తు నిర్ణయం. ప్రతి పల్లెలోను రెడ్డి, కరణం, రైతులు కూర్చుండగా లెక్క తేల్చేవారు. రైతు తన పొలాన్ని ఉంచుకోవచ్చును, వదలుకోవచ్చును. జమీందారు నడుమ ఉండడు. బెంగాలులో కారన్‌వాలిస్ శాశ్వత పద్ధతిపై జమీందార్లను స్థిరపరచియుండగా, ఈ పద్ధతి దానికి పూర్తిగా భిన్నమైనది.

ఇంతవరకు పాఠ్యపుస్తకాలు సైతం చెప్పుతున్నవే. అవి చెప్పని సంగతి ఒకటి కలదు. మన్రో నిర్ణయించిన శిస్తు ఎంత? ఆయన లెక్క ప్రకారమే పంటలో వందకు నలుబదిఐదు వంతులు. సగానికి ఇంచుమించు దగ్గర. విత్తనం, ఎద్దులు, కూలి, వానలేమి అన్నీ రైతువే. అది అధికమని ఆయనకు తెలుసు. 1807లో సీమను విడిచిపోతూ, మొత్తం శిస్తులో నాలుగవ వంతు తగ్గించవలెననీ, బావులు, చెరువుల క్రింది భూములకు మరికొంత తగ్గించవలెననీ, అప్పుడు సర్కారు భాగం మూడవ వంతుకు దిగుతుందనీ సిఫారసు చేశాడు. కంపెనీకి అప్పుడు యుద్ధాల అప్పులు. సిఫారసును త్రోసిపుచ్చి, రైత్వారీనే ఎత్తివేసి, గ్రామాలను గుత్తకు ఇచ్చినది. వేలంలో హెచ్చు పాడిన గుత్తదారులు దివాలా తీసినారు, పల్లెలు పాడుపడినవి. పండ్రెండేళ్ళకు పైగా గడచి ఆయన గవర్నరుగా తిరిగివచ్చిన తర్వాత గాని ఆ నాలుగవ వంతు తగ్గింపు అమలుకు రాలేదు. మంచివాడని పేరు పొందిన పాలకుడు తానే విధించిన భారాన్ని తానే తగ్గించడానికి అంతకాలం పట్టినది. ఆ పదునాలుగు పంటకాలాలు భరించినవాడు రైతు.

ఇంగ్లండులో ఉన్న కాలంలో, 1813 ఏప్రిల్‌లో, కంపెనీ సనదు పునరుద్ధరణ సందర్భంగా మన్రో కామన్సు సభ ఎదుట సాక్ష్యం చెప్పాడు. హిందువులకు నాగరికత నేర్పవలెనన్న ఉత్సాహం అప్పుడు ఆ దేశంలో ప్రబలంగా ఉన్నది. వ్యవసాయనైపుణ్యం, చేతిపనుల కౌశలం, ఊరూరా చదువు, లెక్కలు నేర్పే బడులు, అతిథి సత్కారం, స్త్రీల పట్ల గౌరవం ఇవే నాగరికతకు గుర్తులైతే, హిందువులు ఐరోపావారికి తీసిపోరనీ, నాగరికత రెండు దేశాల నడుమ వర్తకపు సరకే అయితే దిగుమతి వలన లాభపడేది తన దేశమేననీ ఆయన నిర్భయంగా చెప్పాడు. ఊరూరా బడి ఉన్నదని ఆ రోజు సభలో చెప్పినవాడు, తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి స్వయంగా పూనుకొన్నాడు.

ఈ నడుమ కాలాన్ని సంక్షేపంగా చెప్పుకోవచ్చును. 1814లో ఆయన న్యాయవిచారణ సంస్కరణల సంఘానికి అధ్యక్షునిగా మద్రాసుకు తిరిగివచ్చాడు. 1816 చట్టాల ద్వారా గ్రామ మునసబులకు, పంచాయతులకు చిన్న వ్యాజ్యాలను తీర్చే అధికారం లభించినది. 1817-18లో మరాఠా యుద్ధం రాగా బ్రిగేడియర్ జనరల్ హోదాలో తిరిగి కత్తి పట్టినాడు. సైన్యం కొద్దిపాటిది. ఊళ్ళలో బంట్రోతులను చేర్చుకొని, గెలిచిన తాలూకాలో శిస్తు వసూలు చేసి, ఆ సొమ్ముతో తర్వాతి తాలూకాకు నడిచినాడు. బాదామి, బెళగావి, షోలాపూరు కోటలు లొంగినవి. అది సైనికుడు చేసిన కలెక్టరు పనియో, కలెక్టరు చేసిన యుద్ధమో చెప్పడం కష్టం. కంటిచూపు మందగించి, ఆరోగ్యం చెడి 1819లో స్వదేశానికి బయలుదేరిన ఆయనకు మేజర్ జనరల్ పదవి, సర్ బిరుదు, మద్రాసు గవర్నరు పదవి ఇంచుమించు ఒక్కసారే లభించినవి. 1820 జూన్ 10న కోటలో పదవీస్వీకారం చేశాడు.

ఆ నెలలోనే కోట కాలేజీలో దేశభాషలు నేర్చుకొంటున్న యువ సివిలియన్లను ఉద్దేశించి ఆయన ప్రసంగించాడు. ప్రజల భాష తెలియనివాడు ప్రజలను ఏలలేడన్నది ఆ హితబోధ సారం. వినుచున్న వారిలో ఇరువదియొక్క యేళ్ళ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు. ఆ మాటలు తన మనసులో నాటుకొన్నవని బ్రౌన్ తర్వాత వ్రాసుకొన్నాడు. ఆయన ఆ యేడే కడపకు ఉద్యోగిగా వెళ్ళి, వేమన పద్యాలను సేకరించి, నిఘంటువు కూర్చి, తెలుగుజాతికి ఆప్తుడైన సంగతి మన విద్యార్థులకు సుపరిచితమే.

గవర్నరుగా మన్రో వ్రాసిన అభిప్రాయపత్రాలు ఆయన బుద్ధిబలానికి నిదర్శనాలు. 1824 డిసెంబరు 31 నాటి దీర్ఘపత్రంలో, ఈ దేశీయులను ఉన్నతోద్యోగాల నుండి దూరంగా ఉంచడం వారి శీలాన్ని దిగజార్చుతుందనీ, ఏనాటికైనా వారు తమ దేశాన్ని తామే పాలించుకొనే యోగ్యత సంపాదించినప్పుడు ఆంగ్లేయులు తొలగవలసి ఉంటుందనీ సూచించాడు. ఆ కాలంలో అది సాహసమైన మాట. అదే మన్రో 1822లో పత్రికాస్వాతంత్ర్యాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. స్వేచ్ఛగల పత్రికలు, పరదేశీయుల పాలన ఒకచోట నిలువలేవన్నది ఆయన వాదం. ఆ వాదంలో నిజాయితీ ఉన్నది. న్యాయం మాత్రం లేదు. చనువుగా రైతుల కష్టసుఖాలు వినే దొర, ఆ రైతు తన కష్టాన్ని అచ్చువేసి చెప్పుకోవడానికి సమ్మతించలేదు.

1822 జూన్ 25న గవర్నరు మన్రో ప్రతి కలెక్టరుకు ఒక ఉత్తరువు పంపించాడు. మీ జిల్లాలో ఎన్ని బడులు ఉన్నవి? వాటిలో ఎంతమంది చదువుతున్నారు? ఏ ఏ కులాలవారు? ఏ పుస్తకాలు? బాలికలు ఎందరు? ఉపాధ్యాయునికి జీతం ఎక్కడినుండి వస్తున్నది? అంతకుముందు ఈ దేశంలో ఇంత విస్తృతంగా బడులను లెక్కించినవారు లేరు. జవాబులు రావడానికి రెండున్నరేళ్ళకు పైగా పట్టినది. ఆ నివేదికలను ధరంపాల్ 1983లో గ్రంథరూపంలో ప్రకటించి దేశం దృష్టికి తెచ్చినాడు.

లెక్క తేలినది. రాజధాని జనాభా 1,28,50,941. బడులు 12,498. విద్యార్థులు 1,88,650 మంది. అంటే వేయి జనాభాకు ఒక బడి. అయిదు నుండి పదేళ్ళ లోపు మగపిల్లలు సుమారు 7,13,000 మంది ఉంటారని అంచనా కట్టి, వారిలో నాలుగవ వంతుకు కొంచెం పైగా బడికి వెళ్ళుతున్నారనీ, ఇండ్లలో చదువుకొనేవారిని కలిపితే మూడవ వంతుకు చేరుతుందనీ మన్రో తేల్చాడు. ఇండ్లలో చదువుకొనే పిల్లలు మద్రాసు నగరంలోనే 26,903 మంది. ఐరోపాలో పెక్కు దేశాలు కొద్దికాలం క్రిందటి వరకు ఈపాటి స్థితిలో కూడ లేవని ఆయన అభిప్రాయం. బాలికల సంఖ్య మాత్రం 4,540. వందమంది విద్యార్థులలో ముగ్గురైనా లేరు. ఆ ముగ్గురిలోను దేవాలయ నర్తకీమణుల కుటుంబాలవారే పెక్కుమంది. మూడవ వంతు చదువుకొన్నదన్న సంతోషం సగం జనాభాను లెక్కలోనికి తీసుకోకుండా కలిగిన సంతోషమని ఆడపిల్లలు నిండియున్న నేటి తరగతిగదులను చూచేవారికి స్ఫురించక మానదు.

కులాల విషయంలోను లెక్క ఒక సంగతి తెలిపినది. తమిళ జిల్లాలలో శూద్రకులాల పిల్లలు సగానికి మించి ఉండగా, తెలుగు జిల్లాలలో వారి పాలు అంతకంటె తక్కువ. మన పూర్వపు వీథిబడులను గూర్చి గర్వంగా చెప్పుకొనేటప్పుడు ఈ అంకెను కూడ చెప్పుకోవడం ధర్మం.

అన్ని నివేదికలలోను బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపినది తలమానికం. ఆయన తెలుగు వ్యాకరణం వ్రాసి 1816లో మద్రాసులో అచ్చువేయించిన పండితుడు. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడ చేరియుండెను. అక్కడ 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు. ఆ బడులు నడిచే తీరును ఆయన కన్నులకు కట్టినట్లు వర్ణించాడు. పిల్లవానికి అయిదో యేట బడిలో వేసే వేడుక, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, ఉదయం ఆరుగంటలకు బడి. ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. వాడు మెప్పుకూ తగడు, తిట్టుకూ తగడు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, తర్వాత వచ్చినకొద్దీ ఒక్కొక్కటి అదనం. ఆలస్యంగా వచ్చేవారికి కట్టుబాటు చేసిన ఆ ఉపాయానికి నేటి ఉపాధ్యాయులు నవ్వుకొన్నా, సరస్వతి పేరు చేతిలో పడవలెనన్న ఆశతో పరుగెత్తిన పిల్లల ముఖాలు వారు ఊహించుకోగలరు. పెద్ద పిల్లలు చిన్నవారికి పాఠం చెప్పే పద్ధతిని కాంబెల్ మెచ్చుకొన్నాడు. ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే ఇంగ్లండుకు తీసికొనిపోగా, అక్కడ అది మద్రాసు పద్ధతి పేరుతో ప్రసిద్ధి పొందినది. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండ వల్లించుచున్నారని కూడ కాంబెల్ ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణకు రెండువందల యేండ్లు నిండినా పాతబడలేదు.

ఆ నివేదికలో బాధ కలిగించే భాగం వేరొకటి కలదు. జిల్లా జనాభా 9,27,857. బడికి పోయేవారు 6,641 మంది, అనగా వేయికి ఏడుగురు. రాజధాని మొత్తానికి సగటు వేయికి పదునాలుగు దాటినది. మన్రో ఏడేండ్లు స్వయంగా ఏలిన సీమలో చదువు రాజధాని సగటులో సగమే! కారణాన్ని కాంబెల్ దాచలేదు. దేశం పేదదైపోవుచున్నది, ఐరోపా బట్టలు వచ్చి నేతగాండ్ర జీవనం పోయినది, ఆకలికి తాళలేని తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించి పనికి పంపుచున్నారు, మునుపటి ప్రభువులు విద్యకు ఇచ్చిన ఆదరువు ఆగిపోయినది. ఉన్న 533 బడులలో ఒక్కదానికైనా సర్కారు సహాయం లేదని సిగ్గుపడుతూ చెప్పుచున్నానని ఆ కలెక్టరు తన పై అధికారులకు వ్రాశాడు. ఆ పై అధికారి మన్రోయే. పంటలో నలుబదిఐదు వంతులు తీసుకొన్న సర్కారు బడికి ఒక్క కాసు ఇవ్వలేదని తన శిష్యతుల్యుని కలము నుండి ఆయన చదువవలసివచ్చినది.

1826 మార్చి 10న మన్రో జవాబు వ్రాశాడు. అందులో సాకులు లేవు. బడిపంతులుకు పిల్లల వలన లభించేది నెలకు ఆరేడు రూపాయలు మించదనీ, అంత తక్కువ సంపాదనతో యోగ్యులు ఆ వృత్తికి రారనీ గుర్తించాడు. మద్రాసులో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే పాఠశాలకు నెలకు 700 రూపాయలు. ఇరువది జిల్లాలలో ఒక్కొక్కదానికి హిందువులకు ఒకటి, ముస్లిములకు ఒకటి చొప్పున నలుబది పెద్ద పాఠశాలలు, ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు. మూడువందల తహశీళ్ళలో ఒక్కొక్క బడి, ఉపాధ్యాయునికి నెలకు 9 రూపాయలు. మొత్తం నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48,000 రూపాయలు. ఒక రాజధాని విద్యాభారమంతా ఆ అంకెలో ఇమిడినది. తహశీలు బడులలో చదువు ప్రజల భాషలలోనే. ముందుగా ఉపాధ్యాయుని తయారుచేసి, పిదప బడి తెరవవలెనన్న ఆ వరుసక్రమం ఉపాధ్యాయశిక్షణ పొందినవారికి ఎంతో సంతోషం కలిగిస్తుంది.

ఆ ఏర్పాట్లు పూర్తి కాకముందే మన్రో సెలవు తీసికొనే సమయం వచ్చినది. భార్య 1826లో బిడ్డతో స్వదేశం చేరినది. గిండీలో నేటి గవర్నరు నివాసం ఉన్నచోట, అప్పటి ఉద్యానగృహంలో ఆయన ఒంటరిగా మిగిలాడు. ఓడ ఎక్కడానికి ముందు ఒకసారి దత్తమండలాలను చూడవలెనన్న కోరికతో 1827 మే నెలాఖరున బయలుదేరాడు. మిత్రులు వలదన్నారు. జూలై మొదటివారంలో గుత్తి చేరేసరికి పరివారంలో కలరా ప్రవేశించినది. జూలై 6న పత్తికొండ గుడారంలో ఆయనకూ సోకినది. ఆ రాత్రే మరణించాడు. గుత్తిలో పాతిపెట్టిన అస్థికలను 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చినారు. పత్తికొండలో ఆయన స్మారకంగా తోపు నాటి, మెట్లబావి త్రవ్వించినారు.

సీమ ప్రజలు ఆయనను తమ కథలలోనికి తీసుకొన్నారు. మంత్రాలయం మఠపు ఇనాము విచారణకు వెళ్ళినప్పుడు శ్రీ రాఘవేంద్రస్వామి బృందావనం నుండి వెలువడి ఆయనతో సంభాషించారని చెప్పుకొంటారు. కడప జిల్లా గండిలో పాపఘ్ని నదిపై రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం ఆయన కంటికి మాత్రమే కనబడినదనీ, అది మరణం సమీపించినదనడానికి సూచన అనీ మరొక కథ. తిరుమల వంటశాలలో మన్రో గంగాళం పేరు వినబడుతుంది. అనంతపురం ప్రాంతంలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. చరిత్రకారుడు ఈ కథలను సాక్ష్యాలుగా స్వీకరించలేడు. అయినను తెర్నేకల్లును మరువని ప్రజలే ఈ కథలను కూడ ఎందుకు దాచుకొన్నారన్న ప్రశ్న ఆయనను వదలదు. తమ భాషలో తమతో మాట్లాడిన అధికారి వారికి అంతకుముందు దొరకలేదు.

మన్రో విద్యాపథకాన్ని లండను డైరెక్టర్లు 1828లో ఆమోదించినారు. ఆ ఆమోదం అందేనాటికి దానిని నడిపించగలవాడు లేడు. కొన్ని పదుల తహశీలు బడులు తెరచుకొన్నవి. పర్యవేక్షణ కొరవడినది, జీతాలు చాలలేదు, చూచే దొరలకు శ్రద్ధ లేదు. 1835లో మెకాలే పత్రంతో ఇంగ్లీషు చదువుకే సర్కారు ధనమన్న నిర్ణయం కలకత్తాలో జరిగినది. 1836లో మద్రాసు ప్రభుత్వం తహశీలు బడులను, జిల్లా పాఠశాలలను రద్దుచేసినది. 1840 తర్వాత వెలసి ప్రెసిడెన్సీ కాలేజీగా పెరిగిన ఉన్నత పాఠశాల ఇంగ్లీషు చదువు కొరకు ఏర్పడినది.

ప్రజల చందాలతో ఇంగ్లండులో పోతపోసిన కంచు రౌతు 1838లో ఓడ దిగినాడు. 1839 అక్టోబరు 23న కోట ఎదుట మైదానంలో విగ్రహావిష్కరణ ఘనంగా జరిగినది. తొమ్మిది రూపాయల జీతంపై తహశీలు బడులలో తెలుగు చెప్పిన పంతుళ్ళు ఇంటికి పోయి అప్పటికి మూడేళ్ళు.